పట్టాభి చేతులు

సెప్టెంబరు 16, మంగళవారం

రేపు విశ్వకర్మ పూజ. మధుబాబు బండి ఈ రోజే కడిగేశాను. వాడు అన్నం తిని పడుకున్నాడు, లేచేసరికి తళతళలాడాలని నా ఆశ. కుళాయి ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు కాబట్టి ముందే మూడు బకెట్లు పట్టి పెట్టుకున్నాను. చక్రాల సందుల్లో హౌరా టికియాపారా రోడ్ల బురదంతా ఉంది. పాత పళ్ళ బ్రష్షుతో గీకాను. గొలుసు జోలికి వెళ్ళలేదు, అది వాడి పని. నడుం పట్టేసింది. బకెట్టు ఎత్తేటప్పుడు గుండె కూడా కొంచెం దడదడలాడింది, ఎవరికీ చెప్పలేదు.

వాడు లేచి చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. "కడిగినావు, బాగున్నాది. ఇంకేటీ రాయకమ్మా. రేపు బొట్టెట్టు, దండెయ్యి, అంతే" అన్నాడు. పోయినేడు సీటుకి కొబ్బరినూనె రాసి మెరిపించాను. జారి పడబోయాడట. అది ఇంకా మరిచిపోలేదు.

ముందు చక్రానికి కొత్త బ్రేకు ప్యాడ్లు వేసి నిన్ననే పంపాడు పట్టాభి. కొత్తవి పట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, నిదానంగా నడపమని నా ఎదురుగానే చెప్పాడు. పట్టాభి చేతి పని అంటే నాకు బెంగ లేదు. మా ఆయన రైల్వే కార్‌షెడ్డులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో అతనికి పానా పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఈ చుట్టుపక్కల పార్సిళ్ళు తిప్పే కుర్రాళ్ళందరి బళ్ళూ పట్టాభి కొట్టుకే వెళ్తాయి.

ఈ డైరీ మందుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చింది. నాలుగో తరగతితో ఆగిపోయినా, ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. మధుబాబు కూడబలుక్కుంటాడు. కోడలు రమాకుమారికి ఖరగ్‌పూరులో హిందీ, బెంగాలీ నేర్పారు. అందుకని దీన్ని ఎక్కడ పెట్టినా భయం లేదు.

సెప్టెంబరు 17

పూజ బాగా అయింది. ఆకాశం నిండా గాలిపటాలు. డాబాల మీద పిల్లలు పిట్టగోడలు ఎక్కుతుంటే నాకు కళ్ళు తిరిగాయి, ఎవడు పడతాడో అని. ఎవరూ పడలేదు. పట్టాభి కొట్టులో చిన్న విగ్రహం పెట్టాడు, ప్రసాదం పంపాడు.

పొద్దున బొట్టు పెట్టబోతే, బండి ముందు చక్రంలో ఉండే గుండ్రటి ఇనప పళ్ళెం ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. నిన్న అద్దంలా ఉండేది. నేను కడిగి తడి ఆరబెట్టనందుకే కదా. మా ఆయన ఈ రోజున పానాలు, సుత్తి, రంపం, ఆఖరికి మా వంటింటి కత్తిపీట కూడా దీపం నూనెతో తుడిచి వరసగా పెట్టేవారు. పూజ రోజు నూనె చూపిస్తే ఇనుము ఏడాదంతా శుభ్రంగా ఉంటుందనేవారు. దీపం కుందిలో నూనె మిగిలి ఉంది. గుడ్డతో ఊరికే అలా అద్దాను. తుప్పు పోయింది. మళ్ళీ అద్దంలా ఉంది.

మధుబాబుకి చెప్పలేదు. చెప్పేటంత పని కాదు.

సెప్టెంబరు 18

మధుబాబు బండి మీంచి పడ్డాడు. కాలు విరిగింది.

సెప్టెంబరు 19

నిన్న పొద్దున హౌరా మైదాన్ దగ్గర ముందు వెళ్ళే బస్సు ఆగింది. వాడి బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కితే బండి పక్కకి తిరిగిపోయి, సామాన్ల రిక్షా కింద కాలు ఇరుక్కుంది. మోకాలి కింద రెండు చోట్ల. తలకి హెల్మెట్ ఉంది కాబట్టి ఇలాగైనా ఉన్నాడు. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదట.

వాన పడి రోడ్డు జారుగా ఉంది. జారు రోడ్డు మీద ఎవరి బండైనా అంతే. రమాకుమారితో అదే చెప్పాను. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడకి కూడా చెప్పాను.

బండిని నిన్న సాయంత్రం వాడితో పార్సిళ్ళు తిప్పే స్టాండు కుర్రాళ్ళు నడిపించుకుని తెచ్చి సందులో పెట్టారు. బురద కొట్టుకుని ఉంది. కడిగాను. ముందు చక్రం కూడా కడిగాను, ఆ పళ్ళెం గిన్నెల పొడి వేసి తోమాను. ఇంటి ముందు బురద బండి ఉంటే బాగోదు కదా.

సెప్టెంబరు 20

మధుబాబు మాట్లాడుతున్నాడు. ముందు బ్రేకు అసలు పట్టలేదని అంటున్నాడు. చేత్తో ఎంత నొక్కినా చక్రం తిరుగుతూనే ఉందట.

రోడ్డు జారుగా ఉంది కదరా అన్నాను.

తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, స్టాండు కుర్రాళ్ళందరూ వినే గ్రూపులో హిందీలో చెప్పాడు. పట్టాభి కాకాకి కళ్ళు ఆనడం లేదు, నా కాలు తీశాడు, బ్రేకు పనికి ఎవరూ ఆయన దగ్గరికి వెళ్ళకండి అని. నేను పక్కనే కూర్చుని వాడికి బత్తాయి వలుస్తున్నాను. తొన ఒలిచి నోట్లో పెట్టాను. వాడు తిన్నాడు.

సెప్టెంబరు 22

మధుబాబుని ఇంటికి తెచ్చాం. సాయంత్రం పట్టాభి వచ్చాడు. బండిని నిన్ననే తన కొట్టుకి తీసుకెళ్ళాడు. గుమ్మం దాటలేదు. చెప్పులు విప్పి, బయటే నిలబడ్డాడు. మధుబాబు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"వదినా, ప్యాడ్లు విప్పి సూసినాను. నూనె పీల్సుకుని ఉన్నాయి. పళ్ళేనికి మాత్రం ఏటీ నేదు, శుభ్రంగా ఉన్నాది. మరి పళ్ళేనికి నేకుండా ప్యాడ్లకి నూనె ఎక్కణ్ణుంచి ఒస్తాది? నేనే. గ్రీజు సేతుల్తో ఏసీసినాను. కడుక్కున్నాననే అనుకున్నాను."

కోడలు వదల్లేదు. అనుకుంటే సరిపోతుందా కాకా, ఈయన కాలు తీసేయాల్సొస్తే కూడా అనుకున్నాననే చెప్పేవారా అంది. పట్టాభి తల వంచుకున్నాడు. ముప్పయ్యేళ్ళలో ఇలాగ ఎప్పుడూ జరగలేదని అన్నాడు, అది కూడా మాతో కాదు, తనలో తను.

నేను టీ పెట్టి ఇచ్చాను. పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేశాను. అతను తాగుతూ గోళ్ళు చూసుకుంటున్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను. "బిస్కెట్ తీసుకో" అన్నాను.

సెప్టెంబరు 23

రాత్రంతా కుండపోత. సందులో మోకాలి లోతు నీళ్ళు, గడప దాటి వచ్చేస్తాయేమోనని మంచం కింద సామానంతా పైకి ఎత్తించాను. కోడలు విసుక్కుంది. కరెంటు తీగలు తెగి నీళ్ళలో పడతాయేమో. పాలు రాలేదు. మధుబాబు మాత్ర వేసుకున్నాడో లేదో మూడుసార్లు అడిగాను.

సెప్టెంబరు 25

గుడ్డతో ఊరికే అద్దాను అని పైన రాశాను.

అద్దడం కాదు. గుడ్డ ముంచి ఒకసారి తుడిచాను. తుప్పు పూర్తిగా పోలేదు. కుంది వంచి అరచేతిలో పోసుకుని వేళ్ళతో రెండు వైపులా రుద్దాను. చక్రం తిప్పుతూ చుట్టూ రుద్దాను. చెయ్యి జిడ్డు పోవడానికి సున్నిపిండి పెట్టాల్సొచ్చింది.

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆ పళ్ళెమే బ్రేకు అని నాకు తెలీదు. బ్రేకు చేతి దగ్గర ఉంటుందనుకున్నాను. ఇది నిజం.

సెప్టెంబరు 28

దుర్గా పూజలు మొదలయ్యాయి. డప్పులు. రమాకుమారి బజారు నుంచి వచ్చి చెప్పింది, పట్టాభి కొట్టు ముందు ఒక్క బండి లేదట. ఎవరో ముసలాయన స్కూటర్ తెస్తే, బ్రేకు పని నేను చెయ్యను, ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి అని పంపేశాడట. ప్లగ్గు, ఆయిలు, పంక్చరు అయితే చేస్తాడట. బ్రేకు ముట్టడట.

మంచిదే అయింది అత్తా అంది కోడలు.

నేను చింతపండు పిసుకుతున్నాను. పిసుకుతూనే ఉన్నాను. పులుసుకి కావలసినదానికంటే ఎక్కువ అయిపోయింది.

సెప్టెంబరు 29

బి.పి. ఎక్కువ ఉంది. ఉప్పు తగ్గించమన్నారు.

అక్టోబరు 2

దశమి. పక్కింటి బెంగాలీ ఆడవాళ్ళు అమ్మవారికి సిందూరం పెట్టడానికి వెళ్తూ మాషీమా రండి అని పిలిచారు, పిన్నిగారూ అన్నట్టు. కాళ్ళ నొప్పులని చెప్పాను.

ఇంకొకటి ఉంది. అది రాయకుండా ఎన్ని పేజీలు నింపినా లాభం లేదు.

పద్దెనిమిదో తారీకు పొద్దున మధుబాబు బండి తీశాడు. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిప్పుకుని వచ్చాడు. నేను ముగ్గు దగ్గర ఉన్నాను. "అమ్మా, ముందు బ్రేకు పట్టడం నేదు. నువ్వేటైనా రాసినావేటి?" అన్నాడు.

నేను లేదన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "కొత్తవి కదరా, రెండు రోజులు పట్టవని పట్టాభి చెప్పనేదేటి? నిదానంగా ఎల్లు" అన్నాను.

పట్టాభి పేరు ముందు ఎత్తింది నేను. వాడు పడక ముందే.

అక్టోబరు 3

చెప్తాను.

అక్టోబరు 4

మధుబాబుకి జ్వరం. ఇప్పుడు చెప్తే ఇంకా పెరుగుతుంది. డాక్టరు ఏమీ కాదన్నాడు, మందు ఇచ్చాడు. తగ్గాక చెప్తాను.

అక్టోబరు 5

తగ్గింది.

అక్టోబరు 6

పట్టాభి కొట్టు తీసేస్తున్నాడట. సామాను ఎవరికో ఇచ్చేసి, దీపావళి నాటి కాళీ పూజలోపు పలాసలో కూతురి ఇంటికి వెళ్ళిపోతాడట. మధుబాబుని చూడటానికి వచ్చిన స్టాండు కుర్రాడు చెప్పాడు. చేతులు వణుకుతున్నాయని పట్టాభే అందరితో అంటున్నాడట.

నేనెప్పుడూ ఆ చేతులు వణకడం చూడలేదు.

కాకా అలాంటి మనిషి కాదు, ఎలాగ జరిగిందో అన్నాడు మధుబాబు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ మీద ఏమీ లేదు. ఊరికే నిలబడ్డాను.

అక్టోబరు 7

వెళ్ళాను. పొద్దున పది గంటలకి, కోడలికి బి.పి. మాత్రలు తెచ్చుకుంటానని చెప్పి. రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది, టోటో రిక్షాలు ఆగవు. దాటుతుండగా ఏదైనా గుద్దేస్తే చెప్పే పని తప్పుతుంది అని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

పట్టాభి పానాలు గోనెసంచిలో సర్దుతున్నాడు. స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. చెప్పేశాను. పూజ రోజు, తుప్పు, కుంది, అరచెయ్యి, గిన్నెల పొడి. ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

అతను నవ్వాడు. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. నవ్వుతాడనుకోలేదు.

"నన్ను ఓదార్సడానికి ఒచ్చినావు వదినా. అన్నయ్య ఉన్నా ఇలాగే తన మీద ఏసుకునీవోడు."

కాదు నిజమన్నాను. ఒట్టు పెట్టాను. వింటున్నాడు గాని నమ్మడం లేదు. తప్పు తనదేనని ఇన్ని రోజులు తనకు తనే చెప్పుకున్నాడు, అది మనసులో గట్టిపడిపోయింది. నేనేం చెప్పినా అది కదలడం లేదు.

"ఆ ప్యాడ్లు ఉన్నాయా?" అని అడిగాను.

ఉన్నాయి. డబ్బాలో కాగితం చుట్టి దాచుకున్నాడు. రోజూ తీసి చూసుకుంటున్నాడట, ఎక్కడ తప్పు చేశానో తెలుస్తుందని. కాల్చి చూడమన్నాను. గ్రీజో, దీపం నూనో తేలిపోతుంది కదా అన్నాను. అతను టీ కాచుకునే పంపు స్టవ్ వెలిగించి, ఒక ప్యాడు పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత చెమట పట్టినట్టు పైకి తడి వచ్చింది. పొగ లేచింది. గ్రీజు కాలితే ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఈ వాసన తెలుసు. నువ్వుల నూనె. ఆ కొట్టులో ఇనుము, పెట్రోలు వాసనల మధ్య మా దేవుడి గూడు వాసన వచ్చింది.

పట్టాభి స్టవ్ ఆర్పేశాడు. ప్యాడు పట్టకారులోనే ఉంది.

"బువ్వ తిన్నప్పుడు కూడా సేతులే సూసుకున్నాను వదినా" అన్నాడు.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే అతను సరేననాలి కదా, ఆ బరువు కూడా అతని మీదే ఎందుకు పెట్టాలి.

"మధుకి సెప్పినావా?"

లేదన్నాను.

అప్పుడు వచ్చింది కోపం. గొంతు పెంచలేదు. "మరి నాకెందుకు సెప్పినావు ముందు? నేనేటి సేసుకోవాల దీన్ని? నేనెల్లి సెప్తే, ముసిలిదాని మీద తోసీసి తప్పించుకున్నాడంటారు. నువ్వు సెప్పాల. ఎవలెవలు ఇన్నారో ఆళ్ళందరికీ సెప్పాల."

సరే అన్నాను. మాత్రలు కొనకుండానే ఇంటికి వచ్చాను.

అక్టోబరు 8

నిన్న రాయలేకపోయాను. ఇంటికి రాగానే చెప్పాను, ఆగితే ఇంక చెప్పనని తెలుసు.

మధుబాబు ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. నూనె రాశానని చెప్పగానే ఫోను బోర్లా పెట్టాడు. అంతా విన్నాడు. పట్టాభి ప్యాడు కాల్చింది కూడా విన్నాడు.

"ఆ పొద్దున నిన్నడిగినాను."

అవునన్నాను.

"రాయనేదన్నావు. తెలిసే అన్నావా?"

దీనికి జవాబు ఇందులో కూడా రాసుకోలేదు. నూనె రాశానని తెలుసు. దానివల్లే బ్రేకు పట్టడం లేదని తెలీదు. కానీ వాడు అడిగిన క్షణాన ముందు ఆ కుందే గుర్తొచ్చింది. సగం తెలిసే అన్నాను అని చెప్పాను. నువ్వు తిడతావని అన్నానని చెప్పాను.

"తిట్టీవోణ్ణి. తిట్టీసి, కాకా కాడికెల్లి కడిగించుకుని పనికెల్లిపోయీవోణ్ణి. అంతే కదమ్మా."

అంతే. అంతే కదా.

రమాకుమారి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. కాకాని గుమ్మం బయట నిలబెట్టి అన్ని మాటలన్నాను అంది.

మధుబాబు ఫోను నా చేతికిచ్చాడు. తను ఏ గ్రూపులో చెప్పాడో అందులోనే చెప్పమన్నాడు. నా బదులు నువ్వే చెప్పరా అంటే, కాదు, నా గొంతుతో కాకాని తిట్టాను, నీ గొంతుతో నువ్వు చెప్పు అన్నాడు. మాట రికార్డవ్వాలంటే బొటనవేలు మైకు బొమ్మ మీద నొక్కి ఉంచాలట. నా హిందీ వంకర హిందీ. నా పేరు అమ్మన్నమ్మ, మధుబాబు తల్లిని, పట్టాభి తప్పు ఏమీ, అనేసరికి వేలు జారింది. అక్కడిదాకా వెళ్ళిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. పళ్ళేనికి నూనె రాసింది నేను, కడిగేసి దాచింది నేను, కొడుకు అడిగితే అబద్ధం చెప్పింది నేను అని చెప్పాను. ఈసారి పూర్తిగా వెళ్ళింది.

ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఒక బెంగాలీ అబ్బాయి, మాషీమా, మా అమ్మ అయితే చెప్పేది కాదు అన్నాడు. మెచ్చుకున్నాడో ఏమిటో తెలియలేదు.

రాత్రి అన్నం పెడుతూ కోడలు అంది, "పోయినేడు సీటు, ఈయేడు బ్రేకు. ఒచ్చే ఏడు ఇంజనుకి పులిహోర పెడతావేటత్తా?" మధుబాబు నవ్వలేదు. కోడలూ నవ్వలేదు. అయినా ఆ మాట అన్నందుకు నాకు ఒక ముద్ద లోపలికి దిగింది.

అక్టోబరు 9

మధుబాబు ఆటో పిలిపించుకుని, కాలు చాపుకునే, పట్టాభి కొట్టుకి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. వచ్చాక, కాకా ఊరికి వెళ్ళడం లేదు అని మాత్రం కోడలితో అన్నాడు. నాకు వినపడేలాగే అన్నాడు.

అక్టోబరు 12

మధుబాబు నాతో మాట్లాడుతున్నాడు. మంచినీళ్ళు ఇవ్వు, దిండు పెట్టు, అలాంటివి.

అక్టోబరు 15

పాలకి వెళ్తే పట్టాభి కొట్టు తెరిచి ఉంది. ముందు నాలుగు బళ్ళు ఉన్నాయి. సంచిలో సర్దిన పానాలు మళ్ళీ గోడకి ఎక్కాయి. రోడ్డుకి ఇవతలే, మిఠాయి కొట్టు పక్కన నిలబడ్డాను. అతను నన్ను చూడలేదు.

పట్టాభి ఒక బండి ముందు బ్రేకు విప్పుతున్నాడు. నా గుండె నిమ్మళించింది, దేవుడా అనుకున్నాను.

కొత్త ప్యాడ్లు తీసే ముందు అతను లేచి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. గుడ్డతో తుడుచుకున్నాడు. ఎండలోకి చాపి, వేలు వేలు విడదీసి చూసుకున్నాడు. కూర్చున్నాడు. ప్యాడు తీయబోయి మళ్ళీ లేచి కడుక్కున్నాడు. వేసి బిగించి, తనే ఎక్కి మలుపుదాకా నడిపి తెచ్చాడు. బ్రేకు బాగానే పట్టింది, ఇక్కడికి తెలుస్తోంది. బండి కుర్రాడు తాళం అందుకోబోయాడు. పట్టాభి ఇవ్వలేదు. ఆగమని చెప్పి, బిగించినవన్నీ మళ్ళీ విప్పాడు.

ముప్పయ్యేళ్ళు ఒక్కసారి బిగించి చెయ్యి దులుపుకుని లేచేవాడు.

కుర్రాడు గడియారం చూసుకుంటున్నాడు. పట్టాభి ఏ మరకా లేని ఆ కొత్త ప్యాడుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.